పాత అమెరికన్ పర్కషన్ రివాల్వర్లు: మొదటిది కొనే ముందు నుంచి భద్రపరిచే దాకా

నా మొదటి పాత రివాల్వర్ కోల్ట్ 1849 పాకెట్ మోడల్. 31 క్యాలిబర్ (అంటే గొట్టం లోపలి వెడల్పు సుమారు అంగుళంలో వందకు 31 వంతులు), ఐదు గుళ్లది. ఇంటికి తెచ్చుకుని చూస్తే ట్రిగ్గర్ గార్డు ఫ్రేముకు ఆనే సందులో, వేలు పోని చోట, నల్లటి బూడిదరంగు పొర ఒకటి అంటుకుని ఉంది. మకిలి అనుకున్నాను. దేవుడి గదిలో ఇత్తడి కుందులు తోమినంత శ్రద్ధగా పాలిష్ పెట్టి, మెత్తటి గుడ్డతో రుద్ది, అరగంటలో బంగారంలా మెరిపించాను. ఆర్నెల్లు పోయాక, నలభై ఏళ్లుగా ఇవే సేకరిస్తున్న ఒక పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకుని నేరుగా ఆ సందువైపే చూశారు. "ఇక్కడ వెండి ఉండాలే" అన్నారు. కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లోని కోల్ట్ ఫ్యాక్టరీలో ఇత్తడి మీద వేసిన వెండిపూత అది. నూట యాభై ఏళ్లపాటు చేతులు, చెమట, తోలు ఒర కలిసి అరగదీయగా ఆ సందులో కాస్త మిగిలింది. ఆ కాస్తా నేను తుడిచేశాను.

పర్కషన్ రివాల్వర్లంటే నేటి తూటాలు రాకముందు మందు, గుండు విడివిడిగా దట్టించి పేల్చినవి. ఈ సేకరణలో డబ్బు పెట్టే ముందు చూపు రావాలి. అమెరికాలో ఉంటూ ఈ దారిలోకి రావాలనుకుంటున్న తెలుగువాళ్లు నన్ను అడిగే ప్రశ్నలన్నీ ఒక వరసలో పెట్టి ఇక్కడ చెబుతున్నాను.

1. ముందు చట్టం

అమెరికాలో 1968 నాటి గన్ కంట్రోల్ చట్టం ప్రకారం 1898లో గానీ, అంతకు ముందు గానీ తయారైన ఆయుధం పురాతన వస్తువు కింద లెక్క. ఫెడరల్ చట్టంలో ఆధునిక తుపాకులకు ఉండే నిబంధనలు చాలావరకు దీనికి వర్తించవు. అయితే రాష్ట్రాల దారి రాష్ట్రాలది. న్యూజెర్సీ, న్యూయార్క్ లాంటి చోట్ల నిబంధనలు గట్టిగా ఉంటాయి కాబట్టి మీ రాష్ట్రం, మీ ఊరు ఏం చెబుతున్నాయో చదివాకే బేరానికి కూర్చోండి.

ఇండియాకు పట్టుకెళ్లే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. 1959 ఆయుధాల చట్టంలోని 45వ సెక్షన్ పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఇస్తుంది. కానీ ఆ మినహాయింపు, బాగుచేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరాని వాటికే. పర్కషన్ రివాల్వర్ మంచి స్థితిలో ఉంటే నేటికీ పేలుతుంది. కాబట్టి అక్కడ లైసెన్సు లేకుండా దాన్ని దగ్గర పెట్టుకోవడం నేరం. ఎంత పాతదైనా సరే, సూట్‌కేసులో పెట్టి హైదరాబాద్ విమానం ఎక్కవద్దు.

2. ఇది ఎలా పనిచేస్తుందో, ఏ కాలానిదో తెలుసుకోండి

పర్కషన్ రివాల్వర్‌లో నేటి తూటా ఉండదు. సిలిండర్‌లోని ఒక్కో గదిలో ముందువైపు నుంచి నల్లమందు పోసి, దాని మీద సీసపు గుండు పెట్టి, బ్యారెల్ కింద ఉన్న లోడింగ్ లీవర్‌తో లోపలికి దట్టించాలి. వెనకవైపు ప్రతి గదికీ నిపిల్ అనే చిన్న ఉక్కు ముక్కు ఉంటుంది. దాని మీద చిన్న రాగి టోపీ తొడుగుతారు. అదే పర్కషన్ క్యాప్. అందులో ఉండే ఫల్మినేట్ (దెబ్బ తగిలితే పేలే రసాయనం) హామర్ దెబ్బకు భగ్గుమని, ఆ నిప్పు నిపిల్ రంధ్రంలోంచి మందును చేరుతుంది.

శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికన్ పేటెంట్ తీసుకుని న్యూజెర్సీలోని ప్యాటర్సన్‌లో ఫ్యాక్టరీ పెట్టాడు. 1842కల్లా అది మూతపడింది. ఆయనను మళ్లీ నిలబెట్టింది మెక్సికో యుద్ధం. కెప్టెన్ శామ్యూల్ వాకర్ సూచనలతో 1847లో వెయ్యి రివాల్వర్లకు సైన్యం ఆర్డరిచ్చింది. కోల్ట్‌కు అప్పటికి సొంత ఫ్యాక్టరీ లేదు. కనెక్టికట్‌లో ఎలై విట్నీ జూనియర్ కార్ఖానాలో వాటిని చేయించాడు. 44 క్యాలిబర్, 9 అంగుళాల బ్యారెల్, రెండు కిలోల పైచిలుకు బరువు. నడుముకు కట్టుకునే బరువు కాదది, గుర్రం జీనుకు వేలాడదీసేవాళ్లు. ఆ ఏడాది అక్టోబరులోనే వాకర్ మెక్సికోలోని వామాంట్లాలో చనిపోయాడు. ఆ మోడల్‌కు ఆయన పేరు నిలిచింది.

ఆ తర్వాత డ్రాగూన్ మోడళ్లు, 1849 పాకెట్, 1851 నేవీ, 1860 ఆర్మీ, 1861 నేవీ వరసగా వచ్చాయి. పాకెట్ మోడల్ మూడు లక్షలకు పైగా తయారైంది. 1851 నేవీ హార్ట్‌ఫర్డ్‌లో రెండు లక్షలకు పైగా, లండన్‌లోని కోల్ట్ ఫ్యాక్టరీలో సుమారు 42 వేలు. 1860 ఆర్మీ కూడా దాదాపు రెండు లక్షలు. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది అశ్వికదళం చేతిలో ఎక్కువగా ఉన్నది ఇదీ, రెమింగ్టన్ కంపెనీదీ.

1855లో రోలిన్ వైట్ అనే ఆయన సిలిండర్ గదులను ఈ కొస నుంచి ఆ కొసకు తొలిచే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. వెనక నుంచి తూటా పెట్టాలంటే అలా తొలచక తప్పదు. ఆ హక్కు స్మిత్ అండ్ వెసన్ కంపెనీ చేతికి పోయింది. ఆ పేటెంట్ 1869లో ముగిసేదాకా మిగతావాళ్లంతా నల్లమందు, రాగి టోపీలతోనే నడిపారు. కోల్ట్ తన ప్రసిద్ధ తూటా రివాల్వర్‌ను తెచ్చింది 1873లో. మనం సేకరించే వస్తువులన్నీ ఈ 37 ఏళ్లలోనివి.

3. ఒక్క దారి ఎంచుకోండి

వాకర్ మీద మోజు సహజం. 2018లో ఒక వేలంలో పెట్టెతో సహా ఒక వాకర్ 18 లక్షల 40 వేల డాలర్లు పలికింది. దాన్ని మ్యూజియంలో చూసి దండం పెట్టి వద్దాం.

మొదటి కొనుగోలుకు నా ఓటు 1849 పాకెట్‌కే. సంఖ్యలో ఎక్కువ, ధరలో అందుబాటు, అన్నిటికన్నా ముఖ్యంగా పోల్చి చూడటానికి పదుల కొద్దీ దొరుకుతాయి. కోల్ట్ కాకుండా వెళ్లాలనుకుంటే రోజర్స్ అండ్ స్పెన్సర్ చూడండి. సైన్యం 5,000 ఆర్డరిచ్చింది. అవి చేతికొచ్చేసరికి 1865, యుద్ధం అయిపోయింది. గోదాములో మూలుగుతూ ఉండి 1901లో మిగులు సరుకుగా అమ్ముడయ్యాయి. అందుకే వాటిలో చాలా వరకు నేటికీ కొత్తదనం పోకుండా కనిపిస్తాయి. రెమింగ్టన్ న్యూ మోడల్ ఆర్మీ దృఢమైన వస్తువు. సిలిండర్ పైనుంచి ఉక్కు పట్టీ వెళ్లి ఫ్రేమును ఒకే ముక్కగా కలుపుతుంది. దాని బ్యారెల్ మీద 1858 పేటెంట్ తేదీ ఉండటంతో అందరూ దాన్ని 1858 రెమింగ్టన్ అంటారు. తయారైంది మాత్రం 1863 నుంచి.

4. కొనే ముందు నిజమైనవి చూసి రండి

న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు ప్యాటర్సన్ దగ్గరే. అక్కడి ప్యాటర్సన్ మ్యూజియం పాత రైలింజన్ల కార్ఖానా భవనంలో ఉంది. కోల్ట్ మొట్టమొదటి రివాల్వర్లు అక్కడ చూడొచ్చు. హార్ట్‌ఫర్డ్ వెళితే వాడ్స్‌వర్త్ అథీనియంలో కోల్ట్ భార్య ఎలిజబెత్ ఇచ్చిన సేకరణ, మ్యూజియం ఆఫ్ కనెక్టికట్ హిస్టరీలో ఫ్యాక్టరీ సొంత సేకరణ ఉన్నాయి. ఒక్క రోజులో రెండూ చూసి రావచ్చు. అద్దం ముందు నిలబడి అక్షరాల అంచులు ఎంత పదునుగా ఉన్నాయో, మూలలు ఎంత నిక్కచ్చిగా ఉన్నాయో కళ్లకు పట్టించుకోండి. బేరం దగ్గర అక్కరకొచ్చేది ఆ జ్ఞాపకమే.

మ్యూజియంలో చేత్తో పట్టుకోలేం. అందుకు ఆయుధ సేకర్తల ప్రదర్శనలకు వెళ్లాలి. బాల్టిమోర్ దగ్గర టిమోనియంలో ఏటా మార్చిలో జరిగేది వాటిలో పెద్దది. బల్ల వెనక కూర్చున్నవాళ్లను "చేతిలోకి తీసుకోవచ్చా?" అని అడిగి తీసుకోండి. అడగకుండా ముట్టుకోవడం, హామర్ లాగి వదలడం అక్కడ పెద్ద తప్పు. హామర్ ఉత్తి నిపిల్ మీద పడితే నిపిల్ మూతి నలిగిపోతుంది.

5. చేతిలోకి తీసుకున్నాక ఎలా చూడాలి

అన్నిటికన్నా ముందు లోడై ఉందేమో చూడాలి. నూట అరవై ఏళ్ల కిందట దట్టించి వదిలేసిన రివాల్వర్లు నేటికీ అటకల మీంచి బయటపడుతున్నాయి. తడి తగలని నల్లమందు చచ్చిపోదు. 2008లో వర్జీనియాలో అంతర్యుద్ధ కాలపు ఫిరంగి గుండును శుభ్రం చేస్తుండగా అది పేలి, దాన్ని సేకరించినాయన ప్రాణం పోయింది. మూతి ఎవరివైపూ తిప్పకుండా, పక్క నుంచి సిలిండర్ ముందుభాగం చూడండి. గదుల్లో సీసం కనిపిస్తోందా? నిపిళ్ల మీద క్యాపులున్నాయా? సన్నటి చెక్కపుల్ల ఒక్కో గదిలోకి దించి లోతు పోల్చండి. ఏ గదిలోనైనా తక్కువ దిగితే ఆపేయండి. దాన్ని ఖాళీ చేయడం నల్లమందు తుపాకులు తెలిసిన గన్‌స్మిత్ పని.

తర్వాత నంబర్లు. కోల్ట్‌లో ఫ్రేము, బ్యారెల్, ట్రిగ్గర్ గార్డు, పిడి అడుగు పట్టీ, ఇవన్నీ ఒకే సీరియల్ నంబరు మోస్తాయి. సిలిండర్ మీదా అదే ఉండాలి. బ్యారెల్‌ను పట్టి ఉంచే చీలను వెడ్జ్ అంటారు. దాని మీదా, లోడింగ్ లీవర్ మీదా కూడా ఆ నంబరు తాలూకు అంకెలుంటాయి. యజమాని ఒప్పుకుంటే వెడ్జ్‌ను కుడివైపు నుంచి, స్ప్రింగు నాలుకను నొక్కి, చెక్క సుత్తితో నెమ్మదిగా తట్టించి చూడండి. ఇనప సుత్తి తీస్తే వద్దనండి. చాలా కోల్టుల్లో పిడి చెక్క లోపల కూడా సిరాతోనో పెన్సిల్‌తోనో రాసిన నంబరు దొరుకుతుంది. రెమింగ్టన్‌లో నంబరు బ్యారెల్ అడుగున, లీవర్ కింద దాక్కుంటుంది. పిడి తీస్తే ఫ్రేము మీద మళ్లీ కనిపిస్తుంది.

నంబర్లన్నీ కలిస్తే మంచిదే. వెడ్జ్ ఒక్కటి కలవకపోతే నేను బాధపడను. అది విరిగేది, పోయేది, మార్చేది. సిలిండర్ కలవకపోతే మాత్రం ధర బాగా తగ్గాలి.

ఇప్పుడు ఉపరితలం. అసలు చదవాల్సింది ఇక్కడే. కోల్ట్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు బ్యారెల్, సిలిండర్ నీలి రంగులో ఉండేవి. ఫ్రేము, హామర్, లీవర్ మీద కేస్ హార్డెనింగ్ (లోహపు పైపొరను గట్టిపరిచే పద్ధతి) వల్ల నూనె తెట్టు కట్టిన నీళ్లలా నీలం, గోధుమ, బూడిద రంగులు కలగలిసి ఉండేవి. కాలం గడిచేకొద్దీ నీలం చింతపండు రంగులోకి తిరుగుతుంది. పట్టుకునే చోట, ఒరకు రాసుకునే మూతి దగ్గర ముందు పోతుంది. మూలల్లో, సందుల్లో చివరిదాకా నిలుస్తుంది. ఈ క్రమం తలకిందులైతే అనుమానించాలి. అరిగిపోయిన అక్షరాల మీద నిగనిగలాడే నీలం ఉందంటే రంగు మళ్లీ వేశారన్నమాట. స్క్రూ రంధ్రాల అంచులు గిన్నెలా లోపలికి వంగి ఉన్నా, ఎనిమిది పలకల బ్యారెల్ అంచులు గుండ్రబడినా దాన్ని చక్రం మీద సాన పట్టారని అర్థం. తుప్పు గుంటల మీదుగా కొత్త రంగు పరుచుకుని ఉంటే ఇక చూడనవసరం లేదు. నిపిళ్ల చుట్టూ చిన్న గుంటలు మాత్రం మామూలే. క్యాపుల్లోని రసాయనం ఉక్కును తినేసేది.

సిలిండర్ బొమ్మ దగ్గర కాసేపు ఆగండి. కోల్ట్ సిలిండర్ల మీద బొమ్మలు చేత్తో చెక్కినవి కావు. ఆర్మ్‌స్బీ అనే న్యూయార్క్ చెక్కడపు కళాకారుడు ఉక్కు అచ్చు మీద చెక్కితే, దాన్ని సిలిండర్ మీద దొర్లించి అచ్చొత్తేవాళ్లు. పాకెట్ మోడల్ మీద దోపిడీదారులు బగ్గీని అటకాయించిన దృశ్యం. నేవీ, ఆర్మీ మోడళ్ల మీద 1843 మే 16న కాంపేచే దగ్గర అప్పటికి స్వతంత్ర దేశమైన టెక్సస్ నావికాదళానికీ మెక్సికోకూ జరిగిన సముద్ర యుద్ధం, ఆ తేదీతో సహా. ప్యాటర్సన్ రోజుల్లో తన రివాల్వర్లు కొన్న టెక్సస్ నావికాదళానికి అది కోల్ట్ కృతజ్ఞత. ఆ గీతలు మహా పలచన, అందుకే ముందు పోయేవి అవే. పదిరెట్ల భూతద్దం పెట్టి, దీపాన్ని పక్కవాటంగా పట్టి తిప్పుతూ చూస్తే ఓడ తాళ్లు ఒక్కొక్కటీ కనబడితే అది గొప్ప సిలిండర్. సగం బొమ్మ ఉన్నా బాగుందనే చెప్పాలి.

చివరగా యంత్రం. హామర్ వేలితో పట్టుకుని నెమ్మదిగా వెనక్కి తీస్తే సిలిండర్ తిరిగి గట్టిగా తాళం పడాలి. మళ్లీ వేలితోనే దించాలి. స్క్రూ తలలు చిదిగిపోయి ఉంటే ఎవరో సరిపడని స్క్రూడ్రైవరుతో చెలగాటమాడారని తెలుస్తుంది.

6. నకళ్లు, నకిలీలు

1950ల చివర నుంచి ఇటలీలోని గార్డోనే చుట్టుపక్కల ఈ రివాల్వర్ల నకళ్లు తయారవుతున్నాయి. ఉబెర్టి, పియెట్టా కంపెనీల పేర్లు వినే ఉంటారు. కాల్చుకోవడానికి చక్కటి వస్తువులవి, వాటితో పేచీ లేదు. పేచీ ఎక్కడంటే వాటి మీది ఇటాలియన్ ముద్రలు, చిన్న చదరంలో ఉండే సంవత్సరపు సంకేతాక్షరాలు, నల్లమందుకే వాడాలన్న హెచ్చరిక అరగదీసి, ఆమ్లంలో ముంచి తుప్పు పట్టించి పాతవిగా అమ్మేవాళ్లతో. బ్యారెల్ అడుగున, లీవర్ కప్పేసే చోట, ఉపరితలం ఒకచోట పల్లంగా ఉందేమో వేలితో తడిమి చూడండి. ఆమ్లపు తుప్పు అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది. కాలం పట్టించిన తుప్పుకు ఒక తీరుంటుంది, చేయి తగిలే చోట ఒకలా, తగలని చోట ఒకలా.

ఒక గుర్తు కంఠస్థం చేసుకోండి: ఇత్తడి ఫ్రేముతో 44 క్యాలిబర్ 1851 నేవీని కోల్ట్ ఎన్నడూ చేయలేదు. అలాంటిది తాతల నాటిదని ఎవరు చెప్పినా అది ఇటాలియన్ నకలే. దక్షిణాది సైన్యం కోసం జార్జియాలో గ్రిస్‌వోల్డ్ అండ్ గన్నిసన్ ఇత్తడి ఫ్రేముతో చేసినవి నిజమే, కానీ అవి 36 క్యాలిబర్, సంఖ్య నాలుగు వేలు కూడా దాటదు. దక్షిణాది రివాల్వర్ అని వినగానే చేయి వెనక్కి తీసుకుని, తెలిసినవాళ్లను పక్కన పెట్టుకోండి. వాకర్లకూ అంతే, సైన్యపు ముద్రలకూ అంతే. పిడి చెక్క మీద ఇన్‌స్పెక్టర్ సంతకపు ముద్ర పదునుగా, చెక్క మాత్రం నున్నగా అరిగి ఉంటే ముద్ర ఈ మధ్యది.

7. ఉపకరణాలు

చాలామంది వీటిని కొసరు అనుకుంటారు. నాకు మాత్రం ఇవే ఇష్టం. మందు పోసుకునే రాగి లేదా ఇత్తడి కుప్పెకు ఒక మూతి గొట్టం, మీట ఉంటాయి. ఆ మూతి గొట్టం పొడవే ఒక్క పేలుడికి కావలసిన మందు కొలత. కుప్పె మీద గద్దలు, జెండాలు, ఆయుధాలు ఉబ్బెత్తు బొమ్మలుగా ఉంటాయి. కోల్ట్ పేరున్న కుప్పెలకు నకళ్లు కుప్పలు తెప్పలు. రెండు రేకులు అతికిన అంచు చూడండి. పాతదాంట్లో అంచు నల్లబడి చేతి రాపిడికి మెత్తబడి ఉంటుంది. కొత్తదాంట్లో టంకం తెల్లగా మెరుస్తుంది.

సీసం కరిగించి పోసే అచ్చులో రెండు గుంటలుంటాయి, ఒకటి గుండ్రటి గుండుకు, రెండోది మొనదేలిన దానికి. ఇక నిపిళ్లు విప్పే పనిముట్టు. ఒక కొస స్క్రూడ్రైవర్, ఇంకో కొస పానా, చూడటానికి ఏమీ ఉండదు గానీ అసలైనది దొరకడం కష్టం.

క్యాపుల డబ్బాలు కొనేటప్పుడు ఖాళీవే కొనండి. నిండుగా ఉన్నవాటిని అమెరికా తపాలాలో పంపడం నిషేధం, ఇంట్లో ఉంచుకోవడమూ మంచిది కాదు. కాగితపు తూటాల (గుండు, మందు కలిపి కాగితంలో చుట్టినవి) పొట్లాలు, ఒక్కోదాంట్లో ఆరేసి, హజార్డ్ పౌడర్ కంపెనీ లాంటివాళ్లవి, చీటీతో సహా దొరికితే అందమైన వస్తువులు. వాటి లోపల మందు ఉందని మరవకండి.

పెట్టెలతో సహా వచ్చే సెట్లకు ధర ఎక్కువ, మోసమూ ఎక్కువే. అమెరికన్ పెట్టెకు మహోగనీ లేదా రోజ్‌వుడ్, లోపల మఖ్మలు. లండన్ పెట్టెకు ఎక్కువగా ఓక్ చెక్క, ఆకుపచ్చ ఉన్ని గుడ్డ. రివాల్వర్‌ను పెట్టెలోంచి తీసి, ఆ ఖాళీ చోటును చూడండి. నూట యాభై ఏళ్లు అక్కడే పడుకున్న హామర్, సిలిండర్ మఖ్మలు మీద తమ నీడ వదిలి ఉండాలి. నొక్కుకుపోయిన గుర్తు, నూనె మరక, తుప్పు చుక్క, ఏదో ఒకటి. గుర్తు ఒక చోట, రివాల్వర్ ఇంకో చోట ఉంటే ఆ రెండూ ఈమధ్య కలిసినవే. గుళ్ల మీద తెల్లటి బూజులాంటిది కనబడితే ఊదకండి, గోకకండి. సీసపు లవణాలవి, విషం. ముట్టుకుంటే చేతులు కడుక్కోండి.

8. కొనడం

వేలంలో మీరు పాడిన ధర మీద వేలం సంస్థ కమిషను, పన్ను, రవాణా కలుస్తాయి. ఇవన్నీ కలిపి ఎంత దాకా పోగలరో ముందు రాత్రే కాగితం మీద రాసుకుని, అక్కడ ఆగిపోండి. దుకాణంలో కొంటే ఫలానా మోడల్, ఫలానా నంబరు, అసలు రంగు, మార్చిన భాగాలు లేవు అని రసీదు మీద రాయించుకోండి. మూడు రోజుల్లో తిప్పి ఇచ్చే వీలు అడగండి. నిజాయితీ గల వ్యాపారి ఈ రెండింటికీ ఎదురు చెప్పడు. ఫలానా జనరల్ వాడిందని కథ చెప్పేవాళ్లను కాగితం అడగండి. ఆ కాలపు ఉత్తరమో, పత్రమో లేనప్పుడు కథకు ఒక్క డాలరు కూడా ఇవ్వవద్దు.

9. ఇంటికొచ్చాక

తుడవకండి, రుద్దకండి. పాత తుప్పు కదలకుండా ఉంటే అది ఎవరికీ హాని చేయదు. ఎర్రటి కొత్త తుప్పు ఉంటే పలచటి నూనె రాసి రెండు రోజులు నాననిచ్చి, గుడ్డతో అద్దండి. ఉక్కు ఊలు దగ్గరికి రానివ్వవద్దు. ఆ తర్వాత మ్యూజియంలు వాడే మైక్రోక్రిస్టలైన్ మైనం ఒక్క పూత చాలు. పట్టుకునేటప్పుడు నూలు చేతిమేజోళ్లు. గదిలో తేమ 50 శాతం చుట్టుపక్కల నిలకడగా ఉండాలి. ఒరలో పెట్టి దాచకండి. తోలు తేమ పీల్చి ఉక్కును తింటుంది. ఆ పాత ఒరకు నూనె పట్టించే ఆలోచన కూడా వద్దు, నల్లబడి మెత్తబడిపోతుంది.

ప్రతి వస్తువుకూ ఒక అట్టకార్డు పెట్టుకోండి. నంబరు, ఎక్కడ ఎప్పుడు ఎంతకు కొన్నది, ఫొటోలు, దానికి మీ చేతుల్లో ఏం జరిగిందో అన్నీ రాయండి. ఇన్సూరెన్సుకూ, మీ తర్వాత దాన్ని తీసుకునేవాళ్లకూ ఆ కార్డే ఆధారం. నా పాకెట్ మోడల్ కార్డు మీద చివరి వరస ఇది: "ట్రిగ్గర్ గార్డు సందులో వెండిపూత ఉండేది. పాలిష్‌తో నేను తీసేశాను. ఇత్తడి రంగు అసలుది కాదు."